వంతెన బస్తాలు

మా తమ్ముడు వెంకటకృష్ణారావు ఘనా దేశంలో లెక్కల మేష్టరుగా పనిచేసి తిరువూరు తిరిగొచ్చింది డెబ్బై ఏడులో. వచ్చిన నెలకే వాడికి సొంత పేరు పోయింది. పిల్లా పెద్దా అందరికీ ఘనా మేష్టారే. నన్ను కూడా ఘనా మేష్టారి అక్కగారనడం మొదలుపెట్టారు. నా మొగుడు పోయాక ఒక్కదాన్నే తక్కెడ పట్టుకుని బజార్లో వెచ్చాల కొట్టు నడుపుతున్నదాన్ని, నాకో పేరు లేకపోవడమేమిటని ఒళ్ళు మండేది. నా పేరు బాలామణి. నోరు మంచిది కాదని కూడా చెబుతారు, అది నిజమే.

వాడు పెళ్ళీ పెటాకులూ లేనివాడు. తెచ్చుకున్న డబ్బుతో నా కొట్టు పక్కనే కొత్త ఇల్లు కట్టించాడు. వంటా వార్పూ నాదే. సాయంత్రమయ్యేసరికి వాడి అరుగు మీద జనం చేరేవాళ్ళు. విస్సన్నపేట బస్సు దిగినవాళ్ళు కూడా సంచీ పక్కన పెట్టి కాసేపు విని పోయేవాళ్ళు. వాడు చెప్పేవన్నీ ఆ దేశం సంగతులే. అక్కడ మిలిటరీవాళ్ళదే రాజ్యమట. పాలడబ్బా కావాలన్నా సబ్బు బిళ్ళ కావాలన్నా సర్కారు గిడ్డంగికి పోవాలి, గిడ్డంగివాడు ఇవ్వాలంటే పై ఆఫీసరు చీటీ రాయాలి. ఆ చీటీలన్నీ ఆఫీసర్ల బావమరుదులకూ, వాళ్ళు ఉంచుకున్న ఆడవాళ్ళకూ పోతాయి. వాళ్ళు ఆ సరుకు తెచ్చి బజార్లో ఇష్టమొచ్చిన ధరకి అమ్ముకుంటారు. రైతు పండించిన కోకో గింజలు దొంగచాటుగా పక్క దేశానికి దాటిపోతాయి, దాటించేది సరిహద్దులో కాపలా ఉండేవాడే. ఈ భాగోతం మొత్తానికి అక్కడి జనం ఒక పేరు పెట్టుకున్నారట, కలబులే అని. ఆ మాట మా వాళ్ళకి తెగ నచ్చింది. ఎవరైనా తూకంలో చెయ్యివాటం చూపిస్తే "ఏంటి, కలబులేనా?" అనేవాళ్ళు. నన్ను కూడా అన్నాడొకడు. వాడికి అరువు ఆపేశాను.

"ఛీ ఛీ, అదేం దేశమండీ! అడిగేవాడే లేడా?" అని అందరూ ఒకటే నవ్వు.

అందరికంటే గట్టిగా నవ్వేది వీరరాఘవయ్య. రోడ్లూ వంతెనలూ కట్టే కాంట్రాక్టరు. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ కండువా రెండో రోజుకల్లా ఆయన భుజం మీద ఉండేది. మనిషి మాత్రం మెత్తన. చిన్నవాణ్ణి కూడా 'ఏమండీ' అని పిలుస్తాడు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ముందుగా వచ్చి కూర్చునేది ఆయనే.

ఒకనాడు మా తమ్ముడు నవ్వొచ్చే కథ కాకుండా ఇంకోటి చెప్పాడు. వాడి బళ్ళో యావ్ అని ఒక కుర్రాడు చదివేవాడట. అక్కడ గురువారం పుట్టిన మగపిల్లలకి ఆ పేరు పెడతారు. వాడికి జ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్చారు. మందు లేదన్నారు. నిజానికి మందు వచ్చింది, వచ్చిన వారంలోనే బజారుకి పోయింది. ఆ సంగతి వార్డులో ఊడ్చే మనిషి దగ్గర్నుంచి అందరికీ తెలుసు. కుర్రాడు చచ్చిపోయాడు. తరవాత ఎవరో మిలిటరీ ఆఫీసరు విచారణకి వచ్చి వార్డులో నిలబడి అడిగితే, డాక్టర్లూ గుమాస్తాలూ అందరూ రాజధాని నుంచి మందు రాలేదనే చెప్పారు. అకోసువా అనే నర్సు ఒక్కతే ముందుకొచ్చి, వచ్చింది, అమ్ముకున్నారు, ఫలానావాడు అమ్మాడు అని వేలెత్తి చూపించింది. ఆమె ఉద్యోగం పోయింది. రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని అరటికాయ ముక్కలు వేయించి అమ్ముకునేది.

"కుర్రాడి మేష్టర్నని నన్నూ పిలిపించారు, ఆ వార్డులో నేనూ ఉన్నాను. నన్నూ అడిగాడు. నాకేం తెలియదన్నాను. పరాయి దేశం, మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. తరవాత ఆమె పొయ్యి ఉన్న దారిన నడవడానికే మొహం చెల్లలేదు" అన్నాడు మా తమ్ముడు. అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నడివయసు మగవాడు అంతమందిలో అలా ఏడవడం మేమెవరమూ చూడలేదు.

కొట్టు దగ్గర ఉప్పు కోసం నిలబడ్డ పిచ్చమ్మ కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పిచ్చమ్మ మొగుడు ఏడుకొండలు బండి తోలేవాడు. ఎకరం చెక్కా, ఒక జత ఎడ్లూ, ఆ బండీ, అంతే వాళ్ళ ఆస్తి. "ఎంత మెత్తటి మనసమ్మగారూ మేష్టారుగారిది" అంది నాతో. నాకూ గర్వంగానే అనిపించింది. ఒకసారి అంతగా బాధపడ్డవాడు ఇంకోసారి అదే పని చెయ్యడని నమ్మాను.

ఇక సిమెంటు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో సిమెంటు కావాలంటే పర్మిట్టు ఉండాలి. పర్మిట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగేవి. అలాంటిది ఆ ఎండాకాలం మా బజార్లో ప్రతి ఇంటికీ సిమెంటు దొరికింది. ఒకరు గచ్చు వేయించారు, ఒకరు నీళ్ళ తొట్టి కట్టించారు, బట్టల కొట్టు చంద్రశేఖరం మేడ మీద మేడ లేపాడు. ఎక్కడిదని ఎవరూ అడగలేదు. గంపలగూడెం దారిలో వాగు మీద వీరరాఘవయ్య వంతెన కడుతున్నాడు. ఏడుకొండలు బండి పొద్దున వంతెన దగ్గరికి బస్తాలు మోసేది, సాయంత్రం వంతెన దగ్గర్నుంచి ఊళ్ళోకి మోసేది. గచ్చు కోసం మా తమ్ముడి ఇంటికి కూడా దించిపోయాడు. ఆ గచ్చు మీద నీళ్ళు చల్లింది నేనే. "ఎక్కడివిరా ఇవి?" అంటే, "పర్మిట్టువేలే అక్కా" అన్నాడు తమ్ముడు. ఎవరి పర్మిట్టో చెప్పలేదు. పర్మిట్టు పంచదార అమ్మేదాన్ని, ఏ సరుకు ఏ దారిన వచ్చిందో నాకు ఒకరు చెప్పాలా?

మరుసటి ఏడాది వానాకాలంలో ఆ వంతెన కూలింది. ఏడుకొండలు ఎరువు బస్తాలతో గంపలగూడెం నుంచి వస్తున్నాడు. బండి నడిమధ్యకొచ్చేసరికి వంతెన నడుం విరిగినట్టు కిందికి కుంగిందట. ఒక ఎద్దు ఎలాగో గట్టుకి చేరింది. రెండో ఎద్దూ, ఏడుకొండలూ కింద రాళ్ళలో దొరికారు. వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. మా ఊరి మగవాళ్ళందరూ వెళ్ళి చూశారు. విరిగిన పెళ్ళ చేతిలోకి తీసుకుంటే పేలపిండిలా రాలిపోయిందని మా తమ్ముడే వచ్చి చెప్పాడు. రెండో రోజుకి ఆ పెళ్ళలన్నీ ట్రాక్టర్లో ఎక్కించి ఎటో తీసుకుపోయారు. మూడో రోజుకి వాగు పొంగి వంతెన కొట్టుకుపోయిందని ఊరంతా చెప్పుకోవడం మొదలుపెట్టింది. చూసొచ్చినవాళ్ళే ఆ మాట చెబుతున్నారు.

పిచ్చమ్మ ఊరుకోలేదు. వంతెన సిమెంటు వీరరాఘవయ్య అమ్ముకున్నాడని ఎవరిచేతో అర్జీ రాయించి పైకి పంపింది. విచారణకి ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. "మావాడు మీ ఇంటికి బస్తాలు తోలాడు కదండీ. ఆ మాట ఆఫీసరుతో చెప్పండి చాలు. కూలికి ఆశపడి తోలాడు, ఆ తప్పు మాకూ ఉంది, నేను దాచను. మీరూ దాచకండి" అని అడిగింది. ఒక్కరు కూడా సరేననలేదు. అయ్యో పాపం అని బియ్యం పోశారు, పాత చీరలిచ్చారు. బస్తాల మాట ఎత్తితే మాత్రం తలుపు వేసుకున్నారు.

అప్పుడామె నడిబజార్లో, నా కొట్టు ముందే నిలబడి అందరికీ వినబడేట్టు అంది. "నాకు ఊరంతా అక్కర్లేదు. ఘనా మేష్టారుగారు ఒక్కరు చాలు. ముత్యాలమ్మ గుడి ముందు కర్పూరం ఆర్పి, మా ఇంటికొచ్చినవి వంతెన బస్తాలు కావు అని ఆయన అంటే నేను అర్జీ వెనక్కి తీసుకుంటా. వంతెనవే అంటే ఆ మాట ఆఫీసరు ముందు కూడా చెప్పాలి."

మా వైపు జనం పద్ధతి తెలియనివాళ్ళకి ఇది అర్థం కాదు. మావాళ్ళు కోర్టు బోనెక్కి ఎన్ని అబద్ధాలైనా ఆడతారు. స్టేషన్లో ఏ కాగితం మీదైనా సంతకం పెడతారు. అది సర్కారు వ్యవహారం, దానికి పాపం అంటదని లెక్క. కానీ తలస్నానం చేసి, తడిబట్టలతో అమ్మవారి ముందు నిలబడి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి అబద్ధం చెప్పమంటే ఎవడూ చెప్పడు. కళ్ళు పోతాయని భయం. గట్టు తగాదాలో అడ్డంగా అబద్ధమాడి కోర్టులో గెలిచిన మనిషి ఒకడు, కోడిపెట్ట దొంగతనం దగ్గర కర్పూరం మాట ఎత్తేసరికి ఒప్పేసుకోవడం నేను కళ్ళారా చూశాను.

దేవుడు లేడని మా తమ్ముడు ఆ అరుగు మీద ఎన్నిసార్లు అనలేదు? పిచ్చమ్మ కూడా విన్నది. చదువుకున్నవాళ్ళు అలాగే అంటారులే అనుకుంది. పైగా వాడు యావ్ కోసం ఏడవడం చూసింది. అమ్మవారంటే నిజంగా భయం లేని మనిషి ఒకడు ఉంటాడని ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు. వీరరాఘవయ్యకి తోచింది.

ఆయన మర్నాడు మధ్యాహ్నం మా తమ్ముడి ఇంటికి వచ్చాడు. నేను మజ్జిగ తీసుకొచ్చి అక్కడే నిలబడ్డాను. పొమ్మన్నా పోయేదాన్ని కాదు.

"మేష్టారూ, మీరు ఆలోచనాపరులు. మీకు నేను చెప్పాలా?" అని మొదలుపెట్టాడు. "సర్కారు సిమెంటు కొన్నవాడి మీద కూడా కేసు అవుద్దండీ. ముందు మీ ఇల్లే చూస్తారు. జూనియర్ కాలేజీలో మీ ఉద్యోగం మాట నేను చూస్తానన్నాను, చూస్తా. అదట్లా ఉంచండి. ఈ బజారంతా కటకటాల పాలవుద్ది. ఆ పాపం మీకెందుకు?"

"పిచ్చమ్మ పాపం ఎవరికండీ?" అన్నాను నేను.

"బాలామణిగారూ, ఆమెకి నేను అన్యాయం చేస్తానా? ఎద్దు కొనిస్తా, ఇల్లు నేయిస్తా. పోయినవాణ్ణి మాత్రం మీరు తేలేరు, నేను తేలేను." మళ్ళీ తమ్ముడి వైపు తిరిగాడు. "దేవుడు లేడని మీరే అంటారు కదండీ. ఇంక మీకు కర్పూరమేంటి? చెయ్యి కాస్త చురుక్కుమంటది, అంతేగా."

ఆయన వెళ్ళాక ఒకరి వెనక ఒకరు పెరటి దారిన వచ్చారు. చంద్రశేఖరమైతే చేతులు పట్టుకున్నాడు. "మేం ఆర్పలేం మేష్టారూ, మాకు భయం. పిల్లలు గలవాళ్ళం. మీరైతే ఇవన్నీ నమ్మరు. ఊరికి ఉపకారం చెయ్యండి" అన్నాడు. ఘనా వాళ్ళ కథలు విని పొట్ట పట్టుకుని నవ్వినవాళ్ళే వీళ్ళందరూ.

వాళ్ళు పోయాక నేను అడిగాను. "ఏం చేస్తావురా?"

"నువ్వు వెళ్ళక్కా."

"నర్సు కథ చెప్పి అందర్నీ ఏడిపించావు గదరా. ఇప్పుడు నీకు మళ్ళీ అదే వార్డు, అదే ప్రశ్న."

"అది వేరు, ఇది వేరు" అని విసుక్కున్నాడు. "అక్కడ ఎవడికీ సిగ్గులేదు, అందుకు ఏడ్చాను. ఇది మన ఊరు. రేపు వీళ్ళ మధ్యే బతకాలి."

"అక్కడేమో పరాయి దేశమన్నావు, ఇక్కడేమో మన ఊరంటున్నావు. నువ్వు నిజం చెప్పే దేశం ఎక్కడుందిరా కృష్ణా?"

వాడు పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికీ నాకు ఆశ చావలేదు. నిజం చెప్పాక వాడికి ఉద్యోగం రాకపోతే నా కొట్టే ఇద్దరికీ తిండి పెడుతుందని లెక్కలు కూడా వేసుకున్నాను.

కర్పూరం నా కొట్లోదే. ప్రమాణం రోజు పొద్దున్నే వీరరాఘవయ్య మనిషి వచ్చి కొనుక్కుపోయాడు. నేను కొట్టు మూసి గుడి దగ్గరికి వెళ్ళేసరికి ఎ.కొండూరు వైపు నుంచి కూడా జనం వచ్చి ఉన్నారు. మా తమ్ముడు తడిపంచెతో నిలబడి ఉన్నాడు. పళ్ళెంలో తమలపాకు, ఆకు మీద కర్పూరం బిళ్ళ. పూజారి వెలిగించాడు. పిచ్చమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె కూడా తలస్నానం చేసి వచ్చింది.

"మేష్టారుగారూ, మావాడు మీ ఇంట్లో దించిన బస్తాలు ఆ వంతెనవేనా, కాదా?"

వాడు ఆమె మొహంలోకి చూడలేదు. అరచెయ్యి మంట మీద పెట్టాడు. కాస్త పొగ వచ్చింది, మంట ఆరిపోయింది.

"కావు" అన్నాడు. "నేను విజయవాడలో కొనుక్కున్నవి. వంతెనకీ వాటికీ సంబంధం లేదు."

పాఠం చెప్పినట్టే చెప్పాడు. ఆ క్షణంలో వాడు నా తోడబుట్టినవాడని తలుచుకుంటేనే అసహ్యం వేసింది.

జనం వైపు చూస్తే నాకు ఇంకా భయం వేసింది. వాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. అది నేను అనుకున్నదే. కానీ చంద్రశేఖరం లెంపలు వేసుకుని "అమ్మా తల్లీ, సత్యం నిలబెట్టావు" అన్నాడు. దొంగ నటన కాదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన మేడ ఏ సిమెంటుతో లేచిందో తెలిసినవాడు, కర్పూరం ఆరగానే నిజంగానే నమ్మేశాడు. పక్కనున్నవాళ్ళూ అంతే. వాగు అంత పొంగితే ఏ వంతెన మాత్రం ఆగుతుందిలే అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మోకాలి లోతు నీళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు.

పిచ్చమ్మ వంగి మా తమ్ముడి కాళ్ళకి దణ్ణం పెట్టింది. "చాలు బాబుగారూ. నా మనసులో ముల్లు తీసేశారు" అంది. అక్కణ్ణుంచి వీరరాఘవయ్య ముందుకి వెళ్ళి, రెండు చెంపలూ వాయించుకుంది. "ఏ పాపమూ ఎరగని మనిషి మీద నింద వేశాను. నాకు పుట్టగతులుండవు. తప్పు కాయండి" అని అడిగింది.

"పోనీలే పిచ్చమ్మా, దుఃఖంలో ఉండి అన్నావు" అన్నాడాయన మెత్తగా. "వంతెన మళ్ళీ కట్టాలి గదా. నీకు అక్కడ పని ఇప్పిస్తా. ఆ కాగితమొక్కటి చూసుకుందాం."

నా వల్ల కాలేదు. జనాన్ని తోసుకుని వెళ్ళి పిచ్చమ్మ చెయ్యి పట్టుకున్నాను. "వేలిముద్ర వెయ్యొద్దు పిచ్చమ్మా! వాడు చెప్పింది అబద్ధం! నీ మొగుడు ఆ బస్తాలు వంతెన కాడి నుంచే తెచ్చాడు. ఆ గచ్చు మీద నీళ్ళు చల్లింది నేను. ఆఫీసరు ముందు నేను చెబుతాను, పద!" అని అరిచాను. గుడి ముందున్న ప్రతివాడికీ వినబడింది. ఎవరూ కదల్లేదు. మా తమ్ముడు తలెత్తలేదు.

పిచ్చమ్మ చెయ్యి విదిలించుకుంది. నా నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆమె మొహంలో నా మీద కోపం, దాని వెనక ఇంకేదో భయం.

"ఊరుకోండమ్మగారూ! తోడబుట్టినవాడి కళ్ళు పోవాలని ఉందా మీకు?" అంది. తరవాత గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినబడేట్టు అడిగింది. "సర్కారోళ్ళు అబద్ధం, ఊరు అబద్ధం, అది నాకు తెలుసు. అమ్మవారు కూడా అబద్ధమైతే ఇంక నేను ఎవరి దగ్గరికి పోయి అడగాలి?"

వీరరాఘవయ్య మనిషి అర్జీ వాపసు కాగితం గుడి అరుగు మీద పరిచి, పక్కన సిరా డబ్బా పెట్టాడు. పిచ్చమ్మ బొటనవేలు కొంగుకి శుభ్రంగా తుడుచుకుంది. ఎక్కడ వెయ్యాలో చూపించమని అడిగి, వాళ్ళు చూపించిన చోట గట్టిగా నొక్కింది.